ఫార్వర్డ్ అంటే జమానతే

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిలు అన్నీ విన్నరు. ఇప్పుడు నేను మాట్లాడే సంగతి లెక్కల పుస్తకంలో ఉండదు. కానీ దాని వల్ల ఆ పుస్తకమే ఆగమయ్యే ప్రమాదం ఉన్నది. ఎలక్షన్లు వచ్చినప్పుడు, ఊర్లె ఏదన్న గొడవ అయినప్పుడు మన వాట్సాప్ గ్రూపులల్ల వచ్చి పడే రాజకీయ పోస్టుల సంగతి ఇది. ఏ పోస్టు మనకు సమాచారం ఇస్తున్నది, ఏ పోస్టు మనల్ని ఆడిస్తున్నది, ఎట్ల గుర్తు పట్టాలె? అదే ఈ మాటల సారం.

ఇది సమాఖ్య సభలో ఎందుకు అని కొందరు అడగవచ్చు. ఒక్క గ్రూపును తలుచుకోండి. పది పన్నెండు మంది ఉంటం. అన్ని కులాలోళ్లం ఉంటం. బతుకమ్మ ఆడేటోళ్లం ఉంటం, రంజాన్ ఉపవాసం ఉండేటోళ్లం ఉంటం, చర్చికి పోయేటోళ్లం ఉంటం. ఒకరింట్ల ఒక పార్టీ, ఇంకొకరింట్ల ఇంకో పార్టీ. అయినా బ్యాంకు కాగితం మీద అందరం కలిసే సంతకం పెడతం. ఒకరు కట్టకపోతే మిగిలినోళ్లం కడతం. బ్యాంకు మనకు పట్టా కాగితాలు చూసి అప్పు ఇయ్యలేదు. మన మధ్య ఉన్న నమ్మకాన్ని చూసి ఇచ్చింది. ఒక్క పోస్టు వచ్చి ఇద్దరు అక్కల మధ్య మాట బంద్ చేయిస్తే, మీటింగుకు ఒకరు రావడం మానేస్తరు. తర్వాత పొదుపు ఆగుతది. ఆ తర్వాత కిస్తీ ఆగుతది. పోస్టు తయారు చేసినోడు ఎక్కడో ఉంటడు. కిస్తీ మాత్రం మనమే కట్టాలె.

మన చేవెళ్లలో మాట్లాడిన మాట

ఉదాహరణ కోసం దూరం పోవాల్సిన పని లేదు. దేశమంతా మాట్లాడుకున్న ఒక పెద్ద కేసు మన చేవెళ్ల సభ నుంచే మొదలైంది.

2023 ఏప్రిల్ 23న చేవెళ్లలో భారతీయ జనతా పార్టీ విజయ సంకల్ప సభ జరిగింది. కేంద్ర హోం మంత్రి అమిత్ షా వచ్చి హిందీలో మాట్లాడారు. తమ పార్టీ అధికారంలోకి వస్తే ముస్లింలకు ఇస్తున్న రిజర్వేషన్‌ను తీసేస్తామని, ఆ హక్కును తెలంగాణలోని ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఇస్తామని ఆయన చెప్పిన మాటల భావం. సభ అయిపోయింది, ఎవరిండ్లకు వాళ్లు పోయిండ్రు.

సరిగ్గా ఏడాది తర్వాత, 2024 ఏప్రిల్ నెలాఖరుకు, పార్లమెంటు ఎన్నికలు మధ్యలో ఉన్నయి. మన దగ్గర మే 13న ఓటు వేయాలె. అప్పుడు ఒక చిన్న వీడియో బయటికి వచ్చింది. మనిషి అదే, గొంతు అదే, వేదిక అదే. కానీ అందులో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లనే తీసేస్తాం అని ఆయన అన్నట్టు వినబడుతది. పాత ప్రసంగాన్ని కత్తిరించి, అతికించి, అర్థం తలకిందులు చేసిన వీడియో అది. వార్తల నిజానిజాలు పరిశీలించే సంస్థలు చేవెళ్ల సభ పూర్తి వీడియోను పక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడ్డది.

హోం మంత్రిత్వ శాఖ ఫిర్యాదు మీద ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. కాంగ్రెస్ సోషల్ మీడియా పని చూసే కొందరిని అరెస్టు చేశారు. అప్పుడు రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షులు కూడా అయిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి నోటీసు ఇచ్చారు. ఆ ఖాతా తాను నడిపేది కాదని ఆయన లాయర్ ద్వారా జవాబు ఇచ్చారు. తప్పు ఎవరిదో తేల్చేది కోర్టు. మనం చూడాల్సింది వేరే ఉన్నది.

ఆ వీడియో ఎవరి ఫోన్‌లోకి వచ్చింది? మన అసొంటోళ్ల ఫోన్‌లోకే. బిడ్డకు నర్సింగ్ సీటు రిజర్వేషన్ మీదనే వచ్చిన తల్లి ఉంటది. కొడుకు గ్రూప్స్‌కు చదువుతున్న తల్లి ఉంటది. ఆ పది పదిహేను సెకన్లు వినంగనే ఆమె గుండె గుభేల్‌మంటది. నిజమా కాదా అని చూసే ఓపిక ఆ నిమిషంలో ఉండదు. వేలు తనంతట తానే ఫార్వర్డ్ గుర్తు మీదికి పోతది. తయారు చేసినోళ్లకు కావాల్సింది ఆ ఒక్క నిమిషమే.

ఇంకో మాట కూడా చెప్పాలె. అసలు ప్రసంగం నిజమైనదే కాబట్టి అందులోని ప్రతి మాటను ఆలోచించకుండా ఒప్పుకోవాల్నని కాదు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ 2007 చట్టంతో వచ్చింది. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, మధ్యంతర ఉత్తర్వు మీద అమలవుతూ వచ్చింది. ఆ సంగతి తెలిసినోళ్లు ఆ ప్రసంగాన్ని ఒక తీరుగా వింటరు, తెలియనోళ్లు ఇంకో తీరుగా వింటరు. మన గ్రూపులో ఉన్న ముస్లిం చెల్లెలు ఆ అసలు ప్రసంగాన్ని వింటే ఆమె గుండె కూడా గుభేల్‌మంటది. అది నచ్చిందా, నచ్చలేదా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది, ఎవరి ఓటు వాళ్లది. కానీ ఒక మనిషి అన్న మాట మీద కొట్లాడుకోవడం వేరు, అనని మాట మీద కొట్లాడుకోవడం వేరు.

ఒప్పించుడు వేరు, ఆగం చేసుడు వేరు

రాజకీయ పోస్టులన్నీ చెడ్డవి అనుకోవద్దు. ఒక పార్టీ వచ్చి "మేం ఈ పని చేసినం, ఆ పని చేస్తం, మాకు ఓటెయ్యండి" అంటే అది వాళ్ల హక్కు. ఎదుటి పార్టీ "మీరు మాట తప్పిండ్రు, లెక్క చెప్పండి" అంటే అది కూడా హక్కే. కోపంగా చెప్పినా, పాట కట్టి చెప్పినా తప్పు లేదు. మన సభ్యులే సర్పంచులుగా, వార్డు సభ్యులుగా నిలబడుతున్నరు. రేపు వాళ్లు కూడా పోస్టులు పెట్టుకోవాలె. రాజకీయం మనది కాదని దూరం జరగమని నేను చెప్పడం లేదు.

తేడా ఎక్కడున్నది? ఒప్పించేటోడు మనకు ఆలోచించే టైం ఇస్తడు. అడిగితే జవాబు చెప్తడు. పూర్తి సంగతి ముందు పెడతడు. ఆగం చేసేటోడు టైం ఇయ్యడు. సగం దాచిపెడతడు. మన భయాన్నో, కోపాన్నో, భక్తినో, దుఃఖాన్నో పట్టుకొని లాగుతడు. పోస్టులో ఉన్నది పచ్చి అబద్ధమే కానక్కర లేదు. పాత ఫోటో నిజమే కావొచ్చు, కానీ నిన్న జరిగినట్టు చూపించవచ్చు. అంకె నిజమే కావొచ్చు, పక్కనున్న రెండో అంకె తీసేయవచ్చు. అందుకే "ఇది నిజమా?" అన్న ఒక్క ప్రశ్న సరిపోదు.

మనకు ఒక అలవాటు ఉన్నది. గ్రూపులో ఎవరన్న అప్పు అడిగితే వెంటనే ఇస్తమా? ఎవరికి, ఎందుకు, ఎంత, వెనకటిది కట్టిందా, ఎట్ల కడతది అని అడుగుతం. సొంత అక్క అయినా అడుగుతం. తీర్మానం రాసి అందరం సంతకం పెట్టినంకనే పైసలు పోతయి. ఫార్వర్డ్ కూడా అసొంటిదే. మన పేరు మీద పోయిన పోస్టును అవతలోళ్లు "ఫలానా అక్క పంపింది, నిజమే ఉంటది" అని నమ్ముతరు. అంటే ఆ పోస్టుకు మనం జమానతు నిలబడ్డట్టే. అందుకే అప్పు అడిగినట్టే పోస్టును కూడా అడుగుదాం.

మొదట అడగాల్సింది: ఇది ఎవరి మాట?

"నాకు మా మరిది పంపిండు" అంటే అది జవాబు కాదు. మరిదికి ఎవరు పంపిండ్రు? మొదలు ఎక్కడ? వాట్సాప్‌లో పోస్టు మీద ఒక బాణం గుర్తు ఉంటే అది ఎవరో రాసింది కాదు, ఎక్కడి నుంచో వచ్చింది అని అర్థం. రెండు బాణాలు ఉంటే చాలా చేతులు మారి వచ్చింది అని అర్థం. రెండు బాణాలున్న పోస్టును ఒకసారికి ఒక్కరికే పంపనిస్తది. 2020 నుంచి ఆ కట్టడి ఉన్నది. కంపెనీయే "జర ఆగు" అని చెప్తున్నదన్నట్టు.

లెటర్‌హెడ్, ముద్ర, సంతకం ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. 2020లో హైదరాబాద్‌లో వరదలు వచ్చినప్పుడు ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. ఆడోళ్లు మీసేవ కేంద్రాల ముందు గంటల తరబడి లైన్లు కట్టిండ్రు. డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికలు. నవంబర్‌లో ఆ సాయం మధ్యలో ఆగిపోయింది. సాయం ఆపమని ఎన్నికల సంఘానికి బీజేపీ రాష్ట్ర అధ్యక్షులు బండి సంజయ్ రాసినట్టు ఒక లేఖ ఫోన్లల్ల తిరిగింది. అది తన లేఖ కాదు, సంతకం ఫోర్జరీ అని ఆయన పోలీసులకు ఫిర్యాదు చేశారు. లైన్లో నిలబడి ఒట్టి చేతులతో ఇంటికి పోయిన ఆడమనిషి కోపం ఎంత ఉంటదో తెలిసినోళ్లే అసొంటి కాగితం తయారు చేస్తరు.

రెండోది: ఇది ఎప్పటిది, ఎక్కడిది, ముందు వెనక ఏమున్నది?

చేవెళ్ల వీడియో సంగతి ఇదే. ఏడాది పాతది, పైగా కత్తిరించింది. చిన్న వీడియో వచ్చినప్పుడు దాని తల్లి వీడియో ఎక్కడున్నదో వెతకాలె. పెద్ద నాయకుల సభలన్నీ యూట్యూబ్‌లో పూర్తిగా ఉంటయి. ఊరి పేరు, నాయకుని పేరు మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్తే చాలు, రాయనక్కర లేదు. వీడియోలో మాట ఒక్కసారి ఎగిరినట్టు, బొమ్మ దుంకినట్టు అనిపిస్తే, పెదవులు ఒక తీరు, మాట ఇంకో తీరు ఉంటే అనుమానించాలె.

ఇప్పుడు గొంతును కూడా కంప్యూటర్‌తో పుట్టిస్తున్నరు. 2023 నవంబర్ 30న, మన అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజే, ఒక ఏడు సెకన్ల వీడియో తిరిగింది. బీఆర్‌ఎస్ నాయకులు కేటీఆర్ కాంగ్రెస్‌కు ఓటెయ్యమని చెప్తున్నట్టు అందులో ఉన్నది. సొంత పార్టీని కాదని పోలింగ్ రోజు ఎవరన్న అట్ల చెప్తరా? కొంచెం ఆగి ఆలోచిస్తే దొరికిపోయే అబద్ధం. కానీ ఓటు లైన్లో నిలబడ్డ మనిషికి ఆగే టైం ఎక్కడిది? ఇసొంటివి ఎక్కువైనందుకే 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలకు ఆదేశం ఇచ్చింది. నకిలీ వీడియో తమ దృష్టికి వస్తే మూడు గంటల లోపల తీసేయాలని చెప్పింది. మూడు గంటలల్ల ఎన్ని ఊర్లు తిరుగుతదో మనకు తెలుసు. అందుకే కాపలా మన చేతిలోనే ఉండాలె.

మూడోది: ఇది నన్ను ఏం చేయమంటున్నది?

"వెంటనే పది మందికి పంపండి", "రేపటికల్లా తీసేస్తరు, ఇప్పుడే చూడండి", "టీవీలల్ల చూపియ్యరు", "నిజమైన హిందువైతే", "నిజమైన ముస్లిం అయితే", "నిజమైన తెలంగాణ బిడ్డ అయితే" అన్న మాటలు కనబడితే అక్కడ ఆగండి. మంచి సంగతికి ఇంత తొందర అవసరం ఉండదు. మీటింగులో ఎవరన్న "చదవకు, సంతకం పెట్టు" అంటే మనం పెడతమా?

ఒంట్లో ఏం జరుగుతున్నదో కూడా గమనించుకోవాలె. గుండె దడ, చెవులు వేడెక్కుడు, కండ్లల్ల నీళ్లు వస్తే ఫోన్ బోర్లా పెట్టండి. అన్నం వండుకోండి, బర్రెకు గడ్డేయండి. గంట తర్వాత మళ్లీ చూడండి. నిజమైతే గంట తర్వాత కూడా నిజమే ఉంటది.

నాలుగోది: అన్ని తప్పులు ఒక్క దిక్కే తోస్తున్నదా?

ఈ మాట చెప్పాలంటే మనసుకు కష్టంగానే ఉన్నది. 2025 నవంబర్ 3 పొద్దున మన రోడ్డు మీద, మీర్జాగూడ దగ్గర, తాండూరు డిపో ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొన్నది. కంకర మీద పడి 19 మంది చనిపోయారు. చేవెళ్లోళ్లం, మొయినాబాద్‌వాళ్లం అందరం రోజూ పోయి వచ్చే రోడ్డు అది. ఇంకా మనుషులను బయటికి తీయకముందే ఫోన్లల్ల తీర్పులు వచ్చినయి. ఒకరు ఈ ప్రభుత్వం అన్నరు. ఒకరు పాత ప్రభుత్వం అన్నరు. ఇంకొకరు అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు కాకుండా కోర్టుకు పోయిన చెట్లోళ్లు అన్నరు. చనిపోయినోళ్ల సంఖ్య కూడా గంటకొకటి తిరిగింది.

రోడ్డు ఇరుకు. గుంతలున్నయి. టిప్పర్ల వేగం, లోడు మీద పట్టింపు లేదు. వెడల్పు పని ఏండ్ల తరబడి ఆగింది. తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల మీద హరిత ట్రిబ్యునల్‌లో కేసు నడిచింది. ఇన్ని సంగతులు కలిసి ఉన్న దగ్గర, ఒక్క ఫోటో పెట్టి ఒక్క వేలు ఒక్క దిక్కే చూపించే పోస్టు మన దుఃఖాన్ని వాడుకుంటున్నది. అడగాల్సింది అడగొద్దని కాదు. టిప్పర్లు ఏ టైంలో తిరగాలె, కంకర మీద పట్టా కప్పిండ్రా లేదా, రోడ్డు పని ఎప్పటికి అయితది అని సమాఖ్య నుంచి కలెక్టర్ గారికి కాగితం పెట్టవచ్చు. అది పని చేసే కోపం. ఫార్వర్డ్ చేసి పండుకునే కోపంతో రోడ్డు వెడల్పు కాదు.

ఐదోది: నాకు నచ్చింది కాబట్టే నమ్ముతున్ననా?

అన్నిట్లో ఇది కష్టమైన ప్రశ్న. ఎదుటి పార్టీ పోస్టును మనం కండ్లద్దాలు పెట్టుకొని చూస్తం. మన పార్టీ పోస్టును కండ్లు మూసుకొని పంపుతం. తూకం రాయి ఇద్దరికీ ఒక్కటే ఉండాలె.

2025 ఏప్రిల్‌లో మన రంగారెడ్డి జిల్లాలోనే, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి గొడవ వచ్చింది. బుల్డోజర్లు చెట్లు కొట్టేస్తుంటే జింకలు, నెమళ్లు ఏడుస్తూ ఉరుకుతున్నట్టు ఫోటోలు దేశమంతా తిరిగినయి. అందులో కొన్ని కంప్యూటర్ గీసిన బొమ్మలు. పంచుకున్నోళ్లలో చాలామంది చెడ్డోళ్లు కాదు, చెట్ల మీద ప్రేమ ఉన్నోళ్లే. కానీ ఏమైంది? ఇవన్నీ ఏఐ బొమ్మలు, అబద్ధాలు అని ప్రభుత్వం వైపు నుంచి చెప్పడానికి దారి దొరికింది. అక్కడ చెట్లు కొట్టుడు మాత్రం నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టే ఆ పని ఆపమని చెప్పింది. బొమ్మ అబద్ధం, సంగతి నిజం. మన న్యాయమైన మాటకు దొంగ ఫోటో తోడు ఇస్తే న్యాయమే పలుచబడుతది. మన పక్షం గెలవాల్నని కోరుకునేటోళ్లే మన పక్షం పోస్టులను ఎక్కువ జాగ్రత్తగా చూడాలె.

నేను చెప్పిన ఉదాహరణలను చూడండి. ఒక దాంట్ల దెబ్బ తిన్నది బీజేపీ నాయకులు, ఒక దాంట్ల బీఆర్‌ఎస్ నాయకులు, ఒక దాంట్ల కాంగ్రెస్ ప్రభుత్వం. ఈ రోగానికి పార్టీ లేదు.

ఒక్క పోస్టుకు ప్రాణం పోయిన రోజులు

"పంపితే ఏమైతది, తప్పైతే తీసేస్తం" అని అనేటోళ్లు ఉన్నరు. 2018ని గుర్తు చేసుకోండి. పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని మన ఫోన్లల్ల వీడియోలు, ఆడియోలు వచ్చినయి. అవి రాజకీయ పోస్టులు కావు. కానీ నడిచిన తీరు అదే: భయం, తొందర, "మీ పిల్లలు భద్రం, అందరికీ పంపండి". తల్లుల ప్రేమనే వాడుకున్నరు. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలైలో బీదర్ జిల్లాలో హైదరాబాద్ నుంచి పోయిన ఒక యువకుడిని చంపిండ్రు. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి. నిప్పు లేనిదే పొగ రాదు అంటరు. ఫోన్‌లో నిప్పు లేకుండానే పొగ వస్తది, ఆ పొగే నిప్పు పెడతది.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఊరికొక పోలీసును కేటాయించి, ఇల్లిల్లు తిరిగి చెప్పించారు. డప్పు కొట్టించి, జానపద పాటలు కట్టించి పుకార్ల సంగతి వివరించారు. ఆ ఊర్లల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. అక్కడి జనం రాత్రికి రాత్రి చదువు నేర్చుకోలేదు. అడగడానికి ఒక తెలిసిన మనిషి ఉన్నదని తెలుసుకున్నరు, అంతే. మన దగ్గర ఆ తెలిసిన మనిషి గ్రూపు లీడరు, వీఓఏ ఎందుకు కావొద్దు?

చదువు రాకపోయినా అడగవచ్చు

"నాకు అక్షరాలు రావు, నేనేం కనిపెట్టాలె" అని పెద్దమ్మలు అనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్నరు. రాత్రి బడి పుస్తకంలో సారా పాఠం విన్నరు. విని ఊరుకోలేదు. తమ ఇంట్ల సారాకు పోతున్న కూలి పైసలెన్ని అని లెక్క చూసుకున్నరు. పుస్తకంలో మాట, ఇంట్ల లెక్క కలిసినయి. అప్పుడు లేచిండ్రు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. ఆ ఉద్యమం వెనకనే నెల్లూరులో పొదుపు సంఘాలు లేచినయి. మన సంఘాలకు అది అక్క వరుస. వాళ్లను కదిలించింది కూడా రాజకీయ మాటే. కానీ వాళ్లు తమ కండ్లతో సరిచూసుకోగలిగిన మాట. మంచి మాటకు గుర్తు అదే. సరిచూసుకోమంటది, భయపడదు.

మనం చేయగలిగింది

సంఘాల ముందు కొన్ని మాటలు పెడుతున్నాను. ఆలోచించి, తీర్మానం రాసుకోండి.

గ్రూపు వాట్సాప్‌ను గ్రూపు పనికే ఉంచుదాం. మీటింగు తేదీ, కిస్తీ, పథకాల సమాచారం చాలు. పార్టీ పోస్టులు ఎవరి సొంత ఫోన్‌లో వాళ్లు చూసుకోవచ్చు.

అనుమానం ఉన్న పోస్టును గ్రూపులో వేయకుండా వీఓఏకు ఒక్కదానికే పంపి, "ఇది చూడు చెల్లె" అని అడుగుదాం. వీఓఏలకు కూడా ఒక మనవి. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటివి తెలుగులో నిజానిజాలు చెప్తయి. ఫోటో ఎక్కడిదో గూగుల్ లెన్స్‌లో వెతకవచ్చు. దొరకకపోతే "తెలియదు, పంపొద్దు" అని చెప్పండి. అది కూడా జవాబే.

పథకం పేరు చెప్పి లింకు నొక్కమన్నా, ఓటీపీ, ఆధార్, గ్రూపు పాస్‌బుక్ ఫోటో అడిగినా ఇయ్యొద్దు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలె. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

తప్పు పోస్టు పంపిన అక్కను పది మందిలో నిలబెట్టి సిగ్గు తీయొద్దు. అట్ల చేస్తే ఆమె ఇంకోసారి అడగదు, దాచి పంపుతది. పక్కకు పిలిచి మెల్లగా చెప్పండి. ఆమెనే "నేను పంపింది తప్పు" అని అదే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే, అప్పు టైంకు కట్టినంత గౌరవం ఇయ్యండి.

నెలకు ఒక మీటింగులో పది నిమిషాలు, ఆ నెలలో తిరిగిన ఒక్క పోస్టును తీసుకొని ఐదు ప్రశ్నలు అడిగి చూడండి. ఎవరి మాట? ఎప్పటిది, ముందు వెనక ఏమున్నది? నన్ను ఏం చేయమంటున్నది? ఒక్క దిక్కే తోస్తున్నదా? నాకు నచ్చింది కాబట్టే నమ్ముతున్ననా? ఒక నెల ఒక పార్టీ పోస్టు, ఇంకో నెల ఇంకో పార్టీ పోస్టు తీసుకోండి. అప్పుడు ఎవరికీ మనసు నొప్పి ఉండదు.

ఓటు ఎవరికి వేయాల్నో ఈ వేదిక మీద నుంచి ఎవరూ చెప్పరు, చెప్పొద్దు కూడా. ఎవరికి వేసినా, మన సొంత ఆలోచనతో వేసినం అని మన మనసుకు మనం చెప్పుకోగలగాలె. ఎలక్షన్లు అయిపోతయి. గెలిచినోళ్లు, ఓడినోళ్లు ఒకరి పెండ్లికి ఒకరు పోతరు. మనం మాత్రం వచ్చే మీటింగులో మళ్లీ అదే చాప మీద పక్కపక్కన కూర్చోవాలె, అదే పుస్తకంలో సంతకం పెట్టాలె. ఆ చాపను కాపాడుకుందాం.